దొండపర్తి ట్రంకు పెట్టెలో 'ఇ.ఆర్.' బిళ్ళ: వాల్తేరు ఉద్యోగి దగ్గరకు ఎలా వచ్చింది?

దొండపర్తి మనవడు

సభ్యులందరికీ నమస్కారం. మా తాతగారు 1938లో బెంగాల్ నాగపూర్ రైల్వేలో, అంటే అందరూ బి.ఎన్.ఆర్. అని పిలుచుకున్న కంపెనీలో, వాల్తేరు స్టేషనులో పట్టాలు మళ్ళించే పాయింట్స్‌మ్యానుగా చేరి, తరువాత పరీక్షలు రాసి గూడ్సు గార్డు అయి, 1966లో పదవీ విరమణ చేశారు. గత నెల దొండపర్తిలోని పాత ఇల్లు ఖాళీ చేస్తున్నప్పుడు అటక మీద ఆయన ట్రంకు పెట్టె దొరికింది. అందులో చిమ్మెటలు కొట్టిన నల్ల ఉన్ని కోటు, మూడు రంగుల అద్దాలున్న చేతి దీపం, 47 అనే అంకె పొడిచిన కోలగా ఉండే ఇత్తడి బిళ్ళ, బి.ఎన్.ఆర్. అక్షరాలున్న విడి బొత్తాలు రెండు, దారంతో కట్టిన అట్ట టికెట్లు పదమూడు, వీటితో పాటు 'ఇ.ఆర్.' అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు మాత్రమే ఉన్న ఒక టోపీ బిళ్ళ ఉన్నాయి.

నా సందేహమంతా ఈ చివరి బిళ్ళ గురించే. పాతబస్తీలో పాత సామాన్లు కొని అమ్మే ఒక పెద్దమనిషికి దీనిని చూపిస్తే, ముందు ఇది ఎడ్వర్డ్ చక్రవర్తి కాలం నాటి రాజముద్ర అన్నారు. మా తాతగారు ఉద్యోగంలో చేరేనాటికి ఆ చక్రవర్తి పోయి ఇరవై ఎనిమిదేళ్ళు అయిందని నేను అన్న వెంటనే మాట మార్చి, అయితే ఇది హౌరా వైపు సరుకని, ఇక్కడ దీనికి విలువ లేదని చెప్పి, తూకం లెక్కన తీసుకుంటానన్నారు. మా తాతగారు కలకత్తాలో ఎన్నడూ పని చేయలేదు. ఈ బిళ్ళ ఆయనదేనా? దీనిని ఎలా శుభ్రం చేయాలి? ఇవి ఇంట్లో ఉంచుకోవడంలో చట్టపరమైన చిక్కు ఏమైనా ఉందా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

నాణేల నాగావళి

మీ పెట్టె చూసి అసూయ కలిగిందని ముందే ఒప్పుకుంటున్నాను. అయితే ఆ వ్యాపారి రెండో మాటలో నిజం ఉందనే నాకు అనిపిస్తున్నది. ఇ.ఆర్. అంటే ఈస్టర్న్ రైల్వే, దాని ప్రధాన కార్యాలయం కలకత్తా. వాల్తేరు ముందు బి.ఎన్.ఆర్., ఆ తరువాత సౌత్ ఈస్టర్న్, 2003లో ఈస్ట్ కోస్ట్. ఈ వరుసలో ఈస్టర్న్‌కు చోటు లేదు కదా. గార్డులు ఊళ్ళు తిరిగేవారు కాబట్టి, ఖరగ్‌పూర్ దగ్గరో మరెక్కడో తోటి ఉద్యోగి ఎవరైనా జ్ఞాపకంగా ఇచ్చి ఉంటారు.

మర్రిపాలెం పాత గార్డు

నాగావళి గారూ, ఆ వరుసలో చోటు ఉంది, కాకపోతే చాలా ఇరుకైన చోటు. ఈ బిళ్ళ ప్రాముఖ్యమంతా ఆ ఇరుకులోనే ఉన్నది కనుక కొంచెం వివరంగా రాస్తాను. నేను ఇదే డివిజనులో గార్డుగా పని చేసి 2011లో పదవీ విరమణ చేశాను. 2022 నుంచి ఆ హోదాను ట్రైన్ మేనేజర్ అంటున్నారు కానీ నా నోటికి ఇంకా గార్డే అలవాటు.

బి.ఎన్.ఆర్. 1887లో ఏర్పడిన కంపెనీ. మన తీరం వెంబడి లైను వేసినది మాత్రం ఆ కంపెనీ కాదు, ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే అనే ప్రభుత్వ రైల్వే. ఆ లైనును తరువాత వాల్తేరు దగ్గర రెండుగా పంచారు. బెజవాడ వైపు ముక్క 1901లో మద్రాసు రైల్వేకూ, కటకం వైపు ముక్క 1902లో బి.ఎన్.ఆర్.కూ వెళ్ళాయి. మద్రాసు రైల్వే 1908లో మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వేలో కలిసింది. ఒకే స్టేషనులో రెండు కంపెనీల బొత్తాలు తిరిగిన ఊరు మనది.

1944లో ఈ రెండు కంపెనీల నిర్వహణనూ ప్రభుత్వం చేతిలోకి తీసుకున్నది. అయినా బి.ఎన్.ఆర్. అనే పేరు వెంటనే పోలేదు. 1952 ఏప్రిల్ 14న ఈస్ట్ ఇండియన్ రైల్వేలోని కొన్ని డివిజన్లనూ బి.ఎన్.ఆర్. మొత్తాన్నీ కలిపి ఈస్టర్న్ రైల్వే జోనును ఏర్పాటు చేశారు. అంటే ఆ రోజు నుంచి వాల్తేరులో మా బోటి ఉద్యోగి ఈస్టర్న్ రైల్వే ఉద్యోగి అయ్యాడు. అంత పెద్ద జోనును ఒక్క చోటి నుంచి నడపడం భారమై, పాత బి.ఎన్.ఆర్. భాగాన్ని 1955 ఆగస్టు 1న విడదీసి సౌత్ ఈస్టర్న్ రైల్వే అని పేరు పెట్టారు. కాబట్టి వాల్తేరు ఉద్యోగికి 'ఇ.ఆర్.' బిళ్ళ ఇవ్వడానికి అవకాశం ఉన్న కాలం మూడు సంవత్సరాల మూడున్నర నెలలు. మా కాలం పెద్దల దగ్గర కూడా నేను ఇటువంటిది ఒక్కటే చూశాను.

ఇక రాజముద్ర మాట. ఎడ్వర్డ్ చక్రవర్తి ముద్రలో అక్షరాలు ఒకదానితో ఒకటి అల్లుకుని ఉంటాయి, నడుమ ఏడు అనే రోమన్ అంకె, పైన కిరీటం ఉంటాయి. మీ ఫొటోలో అక్షరాలు విడివిడిగా ఉన్నాయి, ప్రతి అక్షరం పక్కన చుక్క ఉంది, కిరీటం లేదు. ఆ వ్యాపారికి ఈ సంగతి తెలియదని నేను అనుకోను.

ఒక్క హెచ్చరిక మాత్రం చేస్తాను. ఈ మూడేళ్ళ లెక్క బిళ్ళ తయారైన, చేతికి ఇచ్చిన కాలానికి వర్తిస్తుంది కానీ, ధరించిన కాలానికి వర్తించదు. జోను పేరు మారిన మరునాడే స్టోర్సు వారు అందరికీ కొత్త బొత్తాలు పంచిపెట్టారని ఎవరూ భ్రమపడకూడదు.

నాణేల నాగావళి

నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. 1952కూ 1955కూ నడుమ అటువంటి అధ్యాయం ఒకటి ఉన్నదని ఇన్నేళ్ళుగా ఈ వస్తువులు పోగు చేస్తూ కూడా నేను గమనించలేదు. అయితే ఒక ప్రశ్న మిగిలే ఉంది. హౌరాలో ఇచ్చిన బిళ్ళ మీదా వాల్తేరులో ఇచ్చిన బిళ్ళ మీదా అవే రెండు అక్షరాలు ఉంటే, ఇది ఇక్కడిదేనని బిళ్ళను చూసి ఎలా చెప్పగలం?

మర్రిపాలెం పాత గార్డు

బిళ్ళను మాత్రమే చూసి చెప్పలేము. పక్కన కాగితం కావాలి. మనవడు గారూ, పెట్టె అడుగున పరిచిన కాగితాలను కూడా ఒకసారి చూడండి. ఆ రోజుల్లో ఇంక్రిమెంటు ఉత్తర్వులు, సెలవు చీటీలు, పాసుల అడుగు ముక్కలు పారేయకుండా పెట్టె అడుగున పరిచేవారు.

దొండపర్తి మనవడు

పాత గార్డు గారికి శతకోటి నమస్కారాలు. కాగితాలు ఈ రాత్రికే వెతుకుతాను. ఈలోగా ఒక పొరపాటు జరిగింది. నేను ఆఫీసుకు వెళ్ళినప్పుడు మా అమ్మ దేవుడి సామాన్లతో పాటు రెండు బి.ఎన్.ఆర్. బొత్తాలలో ఒకదానిని చింతపండు గుజ్జులో వేసి, ముగ్గుపిండితో తోమింది. అది ఇప్పుడు మెరుస్తున్నది కానీ అక్షరాల అంచులు గులాబీ రంగుకు తిరిగాయి. రెండోది కూడా తోమమంటారా?

ఇత్తడి ఇందిర

దయచేసి రెండో దానిని ముట్టుకోకండి! నేను లోహశాస్త్రం చదివి ఒక కళాశాలలో ఆ విషయమే బోధిస్తున్నాను, మా నాన్నగారు పోగు చేసిన బిళ్ళలతో పదిహేనేళ్ళుగా తంటాలు పడుతున్నాను.

ఇత్తడి అంటే రాగిలో జింకు కలిసిన మిశ్రమ లోహం. పులుపు తగిలినప్పుడు పైన పట్టిన నల్లటి పొరతో పాటు ఉపరితలంలోని జింకు కూడా కొంత కరిగిపోతుంది, రాగి మిగులుతుంది. మీకు కనిపించిన గులాబీ రంగు ఆ రాగిదే. అది తిరిగి పసుపు రంగుకు రాదు. ముగ్గుపిండి దీనికి తోడై, అచ్చు గుద్దినప్పుడు పడిన పదునైన అంచులను అరగదీస్తుంది. పూజ గిన్నెకు ఇది నష్టం కాదు, ఎందుకంటే గిన్నె మీద మనం చదవవలసినది ఏమీ లేదు. బొత్తాం మీద ఉన్నదంతా చదవవలసినదే.

గోధుమ రంగు, నలుపు కలిసిన గట్టి పొర అపకారి కాదు. అది లోపలి లోహాన్ని కాపాడుతుంది. పచ్చగా, పొడిగా రాలే చిలుము ఉంటే మాత్రం జాగ్రత్త పడాలి. మన ఊరిలో గాలిలోనే ఉప్పు ఉంది. సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్ళలో కిటికీ చువ్వలు ఎంత త్వరగా తుప్పు పడతాయో అందరికీ తెలిసినదే. ఉప్పులోని క్లోరైడు రాగి మిశ్రమాల మీద చేరితే తేమ తగిలినప్పుడల్లా లోపలికి తింటూ పోతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా బీరువాలోకి నీరు చేరి, నాన్నగారి బిళ్ళలు రెండు రోజులు తడిలో ఉండిపోయాయి. పైపైన తుడిచి పెట్టేశాము. ఆరు నెలల తరువాత తెరిచి చూస్తే ఒక టి.సి. కాలరు బిళ్ళ మీద ఆవగింజలంత పచ్చటి గుంటలు పడి ఉన్నాయి. ఆ రోజే శుద్ధి చేసిన నీటితో, అంటే బ్యాటరీలలో పోసే డిస్టిల్డ్ వాటరుతో, నాలుగైదు సార్లు కడిగి ఆరబెట్టి ఉంటే అది దక్కేది.

మీరు చేయవలసినది ఇంతే. మెత్తటి కుంచెతో దుమ్ము దులపండి. పచ్చ పొడి ఉంటే వెదురు పుల్ల కొనతో మెల్లగా తీయండి. డిస్టిల్డ్ నీటితో కడిగి, నూలు గుడ్డతో అద్ది, నీడలో పూర్తిగా ఆరనివ్వండి. ఆ తరువాత మ్యూజియాల వారు వాడే మైక్రోక్రిస్టలిన్ మైనాన్ని పలుచగా పూయండి. రంగు రంగుల మీనా పని ఉన్న బిళ్ళలైతే నీటిలో నానబెట్టకూడదు, పగుళ్ళలోకి నీరు దిగుతుంది. దుకాణాలలో దొరికే జిగటగా ఉండే పి.వి.సి. ప్లాస్టిక్ కవర్లలో పెట్టకండి. అవి క్రమంగా ఆమ్ల వాయువులు వదులుతాయి, వాటిలో ఉంచిన ఇత్తడికి పచ్చ మరకలు పడతాయి. వార్తాపత్రికలో చుట్టడం కూడా మంచిది కాదు.

అమ్మగారిని ఏమీ అనకండి. మా ఇంట్లో ఆ పని చేసినది నేనే, అదీ ఇంజనీరింగులో లోహశాస్త్రం చదువుతున్న రోజుల్లో.

పోతా అచ్చా

రసభంగం చేస్తున్నందుకు మన్నించాలి. చరిత్ర అంతా బాగుంది కానీ, వస్తువు అసలుదో కాదో ఎవరూ అడగలేదు. ఇప్పుడు రైల్వే అక్షరాలున్న బిళ్ళలు కొత్తగా పోత పోసి, మందు పూసి నలుపు తెప్పించి అమ్ముతున్నారు. రెండేళ్ళ క్రితం నేనే ఆన్‌లైనులో 2,400 రూపాయలు పెట్టి ఒక 'కంపెనీ కాలపు' బిళ్ళ కొని మోసపోయాను. వెనక వైపు ఫొటో లేకుండా ఎవరూ అభిప్రాయం చెప్పకూడదని నా మనవి.

ఉక్కు అచ్చుతో గుద్దిన బిళ్ళలో అక్షరం అంచు కత్తిలా ఉంటుంది, నేల నున్నగా ఉంటుంది. అసలు బిళ్ళను చూసి ఇసుకలో మూస తీసి పోత పోస్తే అంచులు సబ్బు ముక్కలా గుండ్రబడతాయి, భూతద్దంలో సూదిమొన గుంటలు కనిపిస్తాయి, లోహం చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది కనుక కొలత కూడా కొంచెం తగ్గుతుంది. అంచు చుట్టూ ఆకురాయి గీతలు ఉంటే మరింత అనుమానించాలి.

మర్రిపాలెం పాత గార్డు

మీరు చెప్పిన పరీక్షలన్నీ సరైనవే. కానీ ఆ 47 నంబరు బిళ్ళకు వాటిని అలాగే వర్తింపజేయకండి. అధికారులకూ గార్డులకూ వచ్చిన బొత్తాలు ఇంగ్లండులో పేరున్న తయారీదారుల దగ్గర అచ్చు గుద్దించినవి. పాయింట్స్‌మ్యాన్లకూ కూలీలకూ బంట్రోతులకూ ఇచ్చిన బిళ్ళలు అంత నాజూకుగా ఉండేవి కావు. వాటిలో పోత పోసినవీ ఉన్నాయి, ఇత్తడి రేకు కత్తిరించి అంకెలు ఒక్కొక్కటిగా సుత్తితో పొడిచినవీ ఉన్నాయి. అంకెలు ఒకటి పైకీ ఒకటి కిందికీ ఉంటే అది నాకు సంతోషమే. మన భాషలో బిళ్ళబంట్రోతు అనే మాట పుట్టినది ఇటువంటి బిళ్ళల వల్లనే. ఆ మాటలో కొంచెం చులకన ఉన్న మాట నిజమే కానీ, ఆ బిళ్ళ పోతే జీతంలో కోత పడేదని మా పెద్దలు చెప్పగా విన్నాను.

దొండపర్తి మనవడు

వెనక వైపు ఫొటోలు పెట్టాను. చూసి రాయడం కూడా అలవాటు కావాలని, కనిపించినంత వరకు మాటల్లో చెబుతాను.

'ఇ.ఆర్.' బిళ్ళ వెనక భాగం ముందు భాగానికి అద్దంలో ప్రతిబింబంలాగా గుంటలు దేరి ఉంది, అంటే పలుచటి రేకును అచ్చులో గుద్దినట్లున్నది. టోపీకి తగిలించే రాగి ఉంగరాలు రెండు ఉన్నాయి. ఎడమ వైపు దాని టంకం బూడిద రంగులో మందంగా ఉంది. కుడి వైపు దాని టంకం వేరే రకంగా, గరుకుగా, ఎవరో ఇంట్లో మళ్ళీ అతికించినట్లు ఉంది. రెండు ఉంగరాల చుట్టూ లోహం గుండ్రంగా అరిగి మెరుస్తున్నది. కుడి ఉంగరంలో అరంగుళం నల్ల దారం ఇంకా చిక్కుకుని ఉంది. 47 బిళ్ళలో 4 నిటారుగా ఉంది, 7 కొంచెం ఎడమకు ఒరిగి ఉంది.

ఇక అసలు విశేషం. పెట్టె అడుగున పరిచిన గోధుమ రంగు కాగితాల కింద, టైపు కొట్టిన ఒక ఇంక్రిమెంటు ఉత్తర్వు దొరికింది. పైన ఈస్టర్న్ రైల్వే అని, కింద వాల్తేరు అని, తేదీ 1954 జనవరి అని, మధ్యలో మా తాతగారి పేరు, హోదా స్పష్టంగా ఉన్నాయి. కాగితం మడతల దగ్గర చిరుగుతున్నది.

పోతా అచ్చా

నా అనుమానం తీరింది. ఆ అరుగుదల మందు పూసి తెప్పించగలిగేది కాదు. కుడి వైపు టంకాన్ని బాగు చేయించే ప్రయత్నం దయచేసి చేయకండి. టోపీ నుంచి ఊడిపోతే ఎవరో మళ్ళీ అతికించి వాడుకున్నారంటే, ఇది నిజంగా తల మీద తిరిగిన బిళ్ళ. కాగితాన్ని మడతలు విప్పి, ఆమ్లం లేని కాగితాల మధ్య బల్లపరుపుగా ఉంచండి, టేపు మాత్రం అంటించకండి.

కంచరపాలెం వకీలు

చట్టం గురించి ఎవరూ జవాబివ్వలేదు కనుక రాస్తున్నాను. 1966లో వచ్చిన రైల్వే ఆస్తుల అక్రమ స్వాధీన చట్టం ప్రకారం, దొంగిలించినదనో అక్రమంగా సంపాదించినదనో సహేతుకంగా అనుమానించదగిన రైల్వే ఆస్తి ఎవరి దగ్గరైనా దొరికితే, అది తనకు న్యాయంగా వచ్చిందని ఆ వ్యక్తే నిరూపించుకోవాలి. మొదటి నేరానికే ఐదేళ్ళ వరకు జైలు శిక్ష ఉంది. డెబ్బై ఏళ్ళ నాటి టోపీ బిళ్ళ కోసం ఎవరూ మీ ఇంటికి రారు, కానీ ఆ ఇంక్రిమెంటు కాగితమూ తాతగారి పింఛను పత్రాలూ మీ వారసత్వానికి సాక్ష్యాలు కనుక భద్రపరచండి. తుక్కు వేలంలో కొన్న వస్తువులైతే రసీదు తప్పకుండా ఉండాలి.

సేకర్తలు చిక్కుల్లో పడేది బొత్తాల వల్ల కాదు, ఇంజను పలకలు, సిగ్నలు సామగ్రి, టోకెన్ల వల్ల. ఒకాయన నాకు నీల్ టోకెను గోళాన్ని గర్వంగా చూపించారు. సింగిల్ లైను మీద ఆ గోళం చేతికి అందితేనే డ్రైవరు బండిని తరువాతి స్టేషనుకు నడపాలి. అది ఒక సెక్షనుకు అధికార పత్రం వంటిది. అటువంటిది ఎవరి జేబులోనైనా పడి న్యాయంగా ఇంటికి ఎలా వస్తుంది? రసీదు ఉందా అని అడిగితే ఆయన కాఫీ తెప్పించారు.

మరొక్క మాట. నూరేళ్ళు దాటిన వస్తువులకు 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తించవచ్చు, వాటిని విదేశాలకు పంపరాదు. అంత పాతవి ఉన్నవారు విదేశీ కొనుగోలుదారులతో బేరాలు పెట్టుకునే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

జ్ఞానాపురం జయ

పాత గార్డు గారు ఒకే స్టేషనులో రెండు కంపెనీల బొత్తాలు అని రాసినది చదివి ఇది రాస్తున్నాను. మా మామ్మగారి అన్నదమ్ములలో పెద్దాయన బి.ఎన్.ఆర్.లో ఫైర్‌మ్యాన్, అంటే ఇంజనులో బొగ్గు వేసే ఉద్యోగి, చిన్నాయన మద్రాస్ అండ్ సదరన్ మరాఠాలో టి.సి. ఇద్దరూ వాల్తేరులోనే దిగేవారు, ఇద్దరి కోట్లూ ఒకే చాకలికి వెళ్ళేవి. ఒకసారి బొత్తాలు తారుమారై, చిన్నాయన పరాయి కంపెనీ బొత్తాంతో డ్యూటీకి వెళ్ళి మాట పడ్డారని మామ్మగారు చెప్పేవారు. చిన్నాయన వైపు రైల్వే 1951లో సదరన్ అయింది, ఆయన చివరి సంవత్సరంలో, 1966 అక్టోబరు 2న, సౌత్ సెంట్రల్ అయింది. ఆయన బొత్తాలు మూడు రకాలు నా దగ్గర ఉన్నాయి. ఫైర్‌మ్యానుగారివి ఒక్కటీ లేవు. నూనె బట్టలతో పాటు అన్నీ పోయాయి.

నాకు ఇంకా దొరకనిది నౌపడా నుంచి పర్లాకిమిడి వైపు వెళ్ళిన చిన్న లైను బిళ్ళ. 1900 ఏప్రిల్‌లో ప్రారంభమైన ఆ రెండున్నర అడుగుల గేజి పర్లాకిమిడి లైట్ రైల్వే వస్తువు ఎవరి దగ్గరైనా ఉంటే, అమ్మకపోయినా పరవాలేదు, ఫొటో చూపించండి చాలు.

మనవడు గారూ, అట్ట టికెట్ల మీద స్టేషను పేరు ఏమని ఉంది? వాల్తేరు అని ఉంటే అవి 1987కు ముందువి. ఆ సంవత్సరమే స్టేషను పేరును విశాఖపట్నంగా మార్చారు.

దొండపర్తి మనవడు

పదమూడింటిలో పదకొండు వాల్తేరువే. తేదీ మిషను గుద్దిన గుంటలు వేలికి తగులుతున్నాయి కానీ అంకెలు రెండింటి మీదే చదవగలిగాను.

నాణేల నాగావళి

అమ్మే ఉద్దేశం ఉంటే దయచేసి ముందు నాకు చెప్పండి. టోపీ బిళ్ళ ఒక్కదానికి 8,000 ఇస్తాను. కాగితంతో కలిపి ఇస్తే ఇంకా మాట్లాడుకుందాం.

ఇత్తడి ఇందిర

నాగావళి గారూ, మొదటి టపాలో దానిని ఖరగ్‌పూర్‌కు పంపించినది మీరే!

మర్రిపాలెం పాత గార్డు

అమ్మడమా మానడమా అనేది వారి ఇష్టం. అమ్మినా బిళ్ళనూ కాగితాన్నీ వేరు చేయకండి. విడదీస్తే ఆ వ్యాపారి చెప్పిన మాటే మళ్ళీ నిజమవుతుంది, హౌరాదో వాల్తేరుదో ఎవరూ చెప్పలేరు.

కోటు గురించి మీరు ఏమీ రాయలేదు. చిమ్మెటలు కొట్టిందని పారేయలేదు కదా? దాని బొత్తాలు ఏవి?

దొండపర్తి మనవడు

పారేయలేదు. అమ్మకం కూడా ఇప్పటికి అనుకోవడం లేదు, నాగావళి గారు అన్యథా భావించకూడదు.

మీరు అడిగాక కోటును మంచం మీద పరిచి చూశాను. ముందు వైపు ఐదు బొత్తాలు. పై నుంచి మూడు బి.ఎన్.ఆర్.వి, విడిగా దొరికిన వాటి వంటివే. నాలుగోది ఎస్.ఇ.ఆర్., అంటే 1955 తరువాతది, దానిని కుట్టిన దారం మాత్రం తెల్లది. ఐదోది రైల్వేదే కాదు, మామూలు నల్ల కోటు బొత్తాం. ఇ.ఆర్. బొత్తాం ఒక్కటీ లేదు. తెల్ల దారం సంగతి అమ్మను అడిగితే, ఇంట్లో ఆ రోజు నల్ల దారం అయిపోయిందని, బండి వేళ అవుతున్నదని తాతగారు తొందర పెట్టారని, కుట్టినది మా నాయనమ్మేనని చెప్పింది.